భాణము నుండి స్వచరిత్ర హాస్యము వరకు: ఏకపాత్ర రంగమున ‘నేను’

రంగముపై ఒక్క మనిషి నిలిచి, వేషము లేక, తెర లేక, తోడి పాత్రధారి లేక, తన బ్రదుకునే కథావస్తువుగా గైకొని గంటసేపు సభను నవ్వించుట నేడు మన పట్టణములలో ఒక వినోదముగా వ్యాపించినది. జనులు దీనిని స్టాండప్ కామెడీ అని వ్యవహరించుచున్నారు. ఇది ఆంగ్లము నుండి దిగుమతియైన సరకు అని కొందరును, సాహిత్య విమర్శకు నిలువని కాలక్షేపమని కొందరును దీనిని త్రోసివేయుచున్నారు. ఈ రెండభిప్రాయములును పునఃపరిశీలింపదగినవని నా తలంపు. మొదటి అభిప్రాయము మన నాట్యశాస్త్రమును మరచినది. రెండవది మన రంగస్థలమును మరచినది.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయమును ముందుగానే చెప్పుట మేలు. స్వచరిత్ర హాస్యమున నటుడు తన్ను గూర్చి ఎంత నిజము చెప్పెనన్నది గౌణమైన ప్రశ్న. రంగమున లేని వారిని, అనగా తన తల్లిని, తండ్రిని, పొరుగువానిని, గురువును, అతడు ఎట్లు పలికించుచున్నాడన్నది ముఖ్యమైన ప్రశ్న. ఈ రూపకముయొక్క గుణదోషములు అచ్చటనే తేలునని నా అభిప్రాయము.

1

భరతుడు దశరూపకములలో భాణమునకు చెప్పిన లక్షణము ఈ సందర్భమున మిక్కిలి ఉపకరించును. భాణము ఏకహార్యము, అనగా ఒక్క నటుడే నిర్వహింపదగినది. అది ద్వివిధము. తన అనుభవమును తానే చెప్పుకొనునది ఆత్మానుభూతశంసి; పరుల వృత్తాంతమును వర్ణించునది రెండవది. ధనంజయుడు కూడ తన దశరూపకమున ఈ భేదమును పాటించి, వక్తను విటుడుగా నియమించినాడు. ఒక్కనటుని ముఖమున స్వానుభవ కథనము అను భావన మనకు క్రొత్తది కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

లక్షణమునందు మరియొక అంశము కలదు. భాణమునకు ప్రాణము ఆకాశభాషితము. విటుడు వీథిని నడచుచు, రంగమున లేని మనిషిని ఉన్నట్లే పిలుచును; ఆ మనిషి మాటను తాను విన్నట్లు నటించి, దానిని తానే తిరిగి పలికి, దానికి తానే ప్రత్యుత్తరమిచ్చును. ప్రేక్షకుడు చూచునది ఒక్కనిని, వినునది ఊరినంతటిని. ఒక్క కంఠమున పలువురు మాటలాడుట వలన కలుగు చమత్కారమే ఇచ్చటి నాట్యము. నేటి హాస్యవక్త తన తండ్రి కోపమును, బస్సు కండక్టరు కేకను, పెండ్లిచూపులనాటి పెద్దల ప్రశ్నలను తన గొంతుతోనే వినిపించునపుడు చేయుచున్నది ఇదియే. అతనికి ఆ పేరు తెలియకపోవచ్చును. పేరు తెలియకున్నను పని జరుగుచునే యున్నది.

రసవిషయమున లాక్షణికులకును లక్ష్యములకును కొంత యెడము కనబడును. ధనంజయుడు భాణమునకు వీరశృంగారములను చెప్పినాడు. హాస్యమును ప్రహసనమునకు విడిచినాడు. కాని చతుర్భాణిగా ప్రసిద్ధములైన ప్రాచీన భాణములను చదివినవారు ఆద్యంతము నవ్వక మానరు. శూద్రకుని పేర వెలసిన పద్మప్రాభృతకమున విటునకు తారసపడు వారిలో ఒక వైయాకరణుడు కలడు. వ్యవహారమున నలుగురు మాటలాడు చోట అతడు కఠోర శబ్దరూపములను ప్రయోగించి నవ్వులపాలగును. ఇచ్చట హాస్యమునకు గురియైనది పామరుని పలుకు కాదు, పాండిత్యపు పలుకు. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన; దీనితో ముందు పని కలదు.

ఈ నాలుగు భాణములను 1922లో ఎస్.కె. రామనాథశాస్త్రిగారితో కలసి వెలువరించినవారు మానవల్లి రామకృష్ణకవిగారు. అభినవభారతీ సహితముగా నాట్యశాస్త్రమును పరిష్కరించినదియు, తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1951లో ప్రచురించిన భరతకోశమును కూర్చినదియు వారే. భాణవాఙ్మయమును లోకమునకు మరల చూపిన పండితుడు మన తెలుగువాడగుటయు, నాట్యశాస్త్ర పరిభాషాకోశము తిరుపతి నుండి వెలువడుటయు మనము స్మరింపదగినవి. తెలుగు దేశమున భాణరచన సాగినదనుటకు వామనభట్టబాణుని శృంగారభూషణము సాక్ష్యము. ఆయన కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమువాడు.

అయితే భాణమునకును నేటి ప్రదర్శనమునకును ఒక ప్రధాన భేదమున్నది. భాణమున ‘నేను’ అనువాడు విటుడు. ఆ విటుని నటించువాడు వేరొకడు. విటుని యనుభవము కవికల్పితము. అతనిచే పలుకబడు వేశ్యామాతయు భిక్షువును కల్పితులే. వారినెంత హేళన చేసినను ఇల్లు చేరి బాధపడువారు లేరు. నేటి హాస్యవక్త విషయమున నటుడును పాత్రయు ఒక్కరే. అతడు పలికించు తల్లి నిజమైన తల్లి. ఆమె ఆనాడు సభలో ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఉన్నను లేచి ప్రత్యుత్తరమీయజాలదు. శాస్త్రము ఆత్మానుభూతశంసి అని పేరు పెట్టి విడిచిన చోట నేటి విమర్శకునకు పని ఆరంభమగుచున్నది.

2

తెలుగు రంగమున ఈ ‘నేను’ ఏయే రూపములు తాల్చినదో సంగ్రహముగా చూతము.

క్రీడాభిరామము వీథి, గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు మిత్రులు ఓరుగంటి వీథులలో తిరుగుచు చూచినదెల్ల వర్ణింతురు. ఇద్దరు వక్తలున్నను దాని నడక భాణపు నడకయే. దీనిని మొదట అచ్చువేయించినవారు రామకృష్ణకవిగారు. తరువాత సవిమర్శముగా పరిష్కరించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు. కాని ఇందు వక్తలు ద్రష్టలే కాని తమ బ్రదుకును విప్పి చెప్పుకొనువారు కారు. లోకమును చూచి నవ్వుదురు. తమ్ము చూచి నవ్వుకొనుట తక్కువ.

1909 నాటి కన్యాశుల్కమున తొలి రంగము బొంకులదిబ్బపై గిరీశము స్వగతముతో ఆరంభమగును. కళాశాలల పోటీలలో ఏకపాత్రాభినయమునకు ఈ ఘట్టము నేటికిని ఆధారము. గిరీశము విటుని వంశమువాడే. తన గొప్పను తాను చెప్పుకొనుచు, ఆ చెప్పుటలోనే తన గుట్టును బయటపెట్టుకొనును. ప్రేక్షకుడు వాని మాటను విని, దాని వెనుకనున్న మనిషిని చూచి నవ్వును. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము దీనికి ప్రతిపక్షము. అతడు తన అమాయకత్వమును దాచక చెప్పును. నవ్వు తనపై పడినను కష్టపెట్టుకొనడు. ఉత్తమపురుష కథనమున హాస్యము పుట్టుటకు ఈ రెండు త్రోవలు ఉన్నవి: ఒకటి బడాయి, మరియొకటి నిష్కపటత.

బడాయి త్రోవకు పరాకాష్ఠ మన పగటివేషములలోని పిట్టలదొర. కొన్ని ప్రాంతములలో ఇతనినే తుపాకి రాముడందురు. నెత్తిన టోపీ, ఒంటిపై ఖాకీ దుస్తు, భుజమున కొయ్య తుపాకి. వాకిట నిలిచి తన వంశమును, సంపదను, వేటను, పెండ్లిని గూర్చి ఊపిరి తీయక కోతలు కోయును. ఆ మాటలన్నియు ‘నేను’, ‘మా తాత’, ‘మా యింట’ అను పదములతోనే నడచును. రూపమును బట్టి చూచినచో ఇది నిక్కమైన స్వచరిత్ర హాస్యమే. వస్తువును బట్టి చూచినచో ఒక్క ముక్కయు నిజము కాదు. ఏమియు లేనివాడు అన్నియు ఉన్నవాని భాషలో మాటలాడుటయే ఇచ్చటి కీలకము. పిట్టలదొర తన దారిద్ర్యమును గూర్చి ఒక్క మాటయు అనడు. కాని ఆ టోపీని, ఆ కొయ్య తుపాకిని చూచినవారికి వేరు చెప్పనక్కరలేదు. నవ్వు మొదట అతనిపై పడి, పిదప అతడనుకరించు దొరపైకి మరలును.

చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడుల యొద్ద పదునెనిమిది దినములు జరుగు భారత ఉత్సవములను ఈ సందర్భమున విస్మరింపరాదు. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. ఊరి వెలుపలి భారతము మిట్టయే రంగము. హరికథకుడు ఒక్కడే భీముడును ద్రౌపదియు శకునియు నగును. కథ మధ్య పిట్టకథకు దిగినపుడు అతడు తన యింటి ముచ్చటను, తన ప్రయాణపు కష్టమును సభకు చెప్పి నవ్వించుట మనమెరుగనిది కాదు. ఆ నాలుగైదు నిమిషములు అతడు ఏ పౌరాణిక పాత్రయు కాడు, తానే. మరల చిరుతలు మ్రోగినంతనే పాత్రలోనికి పోవును. నేటి హాస్యవక్త చేసినదెల్ల ఆ పిట్టకథను కథ నుండి వేరుచేసి, దానినే కథగా నిలుపుటయని నాకు తోచుచున్నది.

3

తెలుగువారి సంతతిలో ఈ కళను ప్రపంచవేదికపై నిర్వహించినవారిలో హరి కొండబోలు ప్రముఖుడు. తెలుగు తలిదండ్రులకు 1982లో న్యూయార్కు నగరమున జన్మించినాడు. లండనులో మానవహక్కుల విషయమున స్నాతకోత్తర విద్య నభ్యసించినాడు. 2014లో ‘వెయిటింగ్ ఫర్ 2042’ అను ధ్వనిముద్రిక, 2018లో ‘వార్న్ యువర్ రెలటివ్స్’ అను ప్రదర్శనచిత్రము వెలువరించినాడు. అమెరికా జనాభాలో శ్వేతజాతీయుల పాలు సగముకన్న తక్కువగునని జనాభా లెక్కలవారు వేసిన అంచనా నుండి మొదటి శీర్షిక పుట్టినది. ఆయన ఆంగ్లమున మాటలాడును. కాని ఆయన ముందున్న సమస్య మనకు మిక్కిలి సన్నిహితము.

ఆ సమస్య యాస. అమెరికా దూరదర్శనమున ‘ది సింప్సన్స్’ అను వ్యంగ్యచిత్ర ధారావాహికలో అపు అను భారతీయ దుకాణదారు పాత్ర యున్నది. దానికి చిరకాలము గొంతునిచ్చినవాడు హాంక్ అజారియా అను శ్వేతజాతీయ నటుడు; పలుకు అతిశయోక్తమైన భారతీయపు యాస. హరి కొండబోలు 2012లో ఒక దూరదర్శన కార్యక్రమమున ఈ గొంతును తన తండ్రికి జరిగిన వెక్కిరింతగా భావించి విమర్శించినాడు. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అను చిత్రమున ఆ విమర్శను విస్తరించినాడు. 2020లో అజారియా ఆ పాత్రకు ఇక గొంతునీయనని ప్రకటించినాడు.

ఇచ్చట వాదోపవాదముల కన్న నన్నాకర్షించునది రూపకధర్మము. వలసవచ్చినవారి బిడ్డయగు హాస్యవక్తకు తలిదండ్రుల యాస అతిసులభమైన పరికరము. నోరు తెరచి ఒక్క వాక్యమును ఆ యాసలో పలికిన చాలును, సభ నవ్వును. తొలినాళ్ళలో తానును ఇట్టి మూసహాస్యము నాశ్రయించితినని ఆయనయే చెప్పుకొనినాడు. పిదప దానిని విడిచినాడు. తండ్రిని రంగమున పలికించునపుడు ఆ పలుకు తండ్రిదా, తండ్రిని వెక్కిరించువారిదా అను ప్రశ్న ఆయనకు ఎదురైనది. ఆకాశభాషితమునకు ఇంతవరకు మన లాక్షణికులు అడుగని ప్రశ్న ఇది. విటుడు పలికించిన మనిషి గొంతు ఎవరి చెవికి వినబడిన గొంతు?

ఈ నిగ్రహమునకు మూల్యము లేకపోలేదు. యాసను విడిచిన తావున వాదము చేరును. వాదము చేరిన తావున వక్త అప్పుడప్పుడు ఉపన్యాసకుడగును. హరి కొండబోలు ప్రదర్శనములలో నవ్వు పలుచబడి న్యాయవిచారణ చిక్కబడు ఘట్టములున్నవి. కాని వక్త తన తల్లిని గూర్చి చెప్పు చోట్ల ఆమె హాస్యమునకు విషయము కాక, తానే హాస్యమునకు కర్త్రియై కనబడును. తన చమత్కారమునకు మూలము తల్లియేనని ఆయన భావము. లేని మనిషికి తెలివినిచ్చుట వేరు, యాసను మాత్రమిచ్చుట వేరు.

4

ఇక మన ప్రాంతమునకు వత్తము. చిత్తూరు మాట చిరకాలము రంగమునను తెరపైనను నవ్వుల సరకుగనే యున్నది. 2021 నాటి ‘పుష్ప’ చిత్రమున కథానాయకుడే ఆ మాట మాటలాడిన పిమ్మట అనుకరణకు మరింత గిరాకి ఏర్పడినది. గౌరవమునకును గిరాకికిని భేదమున్నదని మన విద్యార్థులకు తెలియును. వేదికపై చిత్తూరు యాసకు చప్పట్లు కొట్టిన సభయే, ఆ యాసలో ఉద్యోగపు పరీక్షకు సమాధానము చెప్పినవానిని చూచి ముసిముసిగా నవ్వును.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’, ‘మిట్టూరోడి కథలు’ ఇచ్చట మనకు దారి చూపును. ఇవి రంగమునకు వ్రాసినవి కావు; పత్రికల కొరకు వ్రాసినవి. కాని వీనిని మౌనముగా చదువుట కష్టము. గొంతు తనంతట లేచును. సాధారణముగా మన కథకులు కథనమును శిష్టభాషలో నడపి, పాత్రలకు మాత్రము మాండలికమును కేటాయింతురు. ఆ ఏర్పాటున కథకుడు గట్టుపై నిలిచి, పాత్రలు బురదలో దిగినట్లు కనబడును. నామినిగారు ఆ గట్టును తీసివేసినారు. అమ్మ ఏ మాట మాటలాడునో చెప్పువాడును ఆ మాటే మాటలాడును. ఇద్దరి పలుకు ఒక్కటియైనపుడు యాస స్వయముగా హాస్యకారణము కానేరదు. హాస్యము సంఘటన నుండియు, స్వభావము నుండియు, బుద్ధి నుండియు పుట్టవలసివచ్చును. హరి కొండబోలు యాసను విడిచి చేరిన చోటికి నామినిగారు యాసలో మునిగి చేరినారు. త్రోవలు విరుద్ధములు, ఔచిత్యము ఒక్కటియే.

నేను ప్రత్యక్షముగా చూచిన యొక ప్రదర్శనమును నిదర్శనముగా చెప్పుట అనుచితము కాదనుకొందును. కొన్నేండ్ల క్రిందట ఒక విద్యార్థిసభలో పలమనేరు వైపు పల్లెకు చెందిన విద్యార్థి యొకడు ఇరువది నిమిషములు తన చదువును గూర్చి చెప్పి నవ్వించినాడు. తరగతిలో తొలినాడు హాజరు పిలిచినపుడు అతడు “ఉండాను సార్” అనినాడట. అధ్యాపకుడు పుస్తకము నుండి తల యెత్తక, “ఉన్నాను అనవలెను” అని దిద్దినాడట. పండుగకు ఇల్లు చేరగా అవ్వ లోపలి నుండి, “ఏం నాయనా, బాగుండావా?” అని అడిగినది. ఇతడు వాకిట నిలిచి, “బాగున్నాను” అనినాడు. అవ్వ వెంటనే, “ఎవురో ఆపీసరు వచ్చినట్టుండాడు, కుర్చీ ఎయ్యండి” అని కేకవేసినదట. సభ విరగబడి నవ్వినది. నేనును నవ్వితిని. పిదప ఆ తల యెత్తని అధ్యాపకుడు నేనేనని గ్రహించితిని.

ఆ నవ్వును విడదీసి చూచినచో మూడు పొరలు కనబడును. అతడు పల్లెమాటతో నోరు తెరచినంతనే కొందరు నవ్విరి. అది యాసను చూచి నవ్వుట, అందు కళ లేదు. అవ్వ మాట వినినపుడు నవ్వినవారు మనుమనిని చూచి నవ్విరి, అవ్వ గెలిచినది. మూడవ పొరలో నవ్వు నన్ను చేరినది. పద్మప్రాభృతకములోని వైయాకరణుడు పదునైదు వందల యేండ్లకు పైబడిన పిమ్మట మరల రంగమున కనబడినట్లయినది. ఈ మారు వాడు నా గొంతుతో పలికినాడు. నాకు ప్రత్యుత్తరమునకు తావు లేదు. సభలో కూర్చుండియు ఆకాశమున నున్నవాడనైతిని. ఒక్క క్షణము కష్టము తోచినది. కాని అతడు నాకు కల్పించినది ఒక్క వాక్యమే, ఆ వాక్యము నేననినదే. ఆనాటి నుండి నా తరగతిలో ‘ఉండాను’ను దిద్దుట మానితిని.

అదే ప్రదర్శనమున నాలుగు నిమిషములు చెవుడుగల యొక దుకాణదారుని అతడు అనుకరించినాడు. నవ్వు అందరికన్న ఆ ఘట్టముననే మిన్నుముట్టినది. కాని అచ్చట వక్తయొక్క ‘నేను’ మాయమైనది. తనకేమి జరిగినదో, తానేమి నేర్చెనో లేదు. మిగిలినది ఒక వైకల్యపు అనుకరణ. వికృతవాక్యాదులు హాస్యవిభావములని శాస్త్రము చెప్పినమాట వాస్తవమే. కాని స్వచరిత్ర హాస్యమున ఆ విభావమును వక్త తనయందు నిలుపుకొనినపుడు కలుగు ఆస్వాదము, ప్రత్యుత్తరమీయలేనివానిపై మోపినపుడు కలుగదు. నవ్వు పరిమాణమును బట్టి గుణమును నిర్ణయింపరాదనుటకు ఈ నాలుగు నిమిషములే చాలును.

5

దీనికి ఒక ఆక్షేపము రాగలదు. హాస్యవక్తకు ఇట్టి బంధములు విధించినచో హాస్యము చచ్చునని కొందరందురు. బలవంతుని వెక్కిరింపవచ్చును, దుర్బలుని వెక్కిరింపరాదను సూత్రమును నేను ప్రతిపాదించుట లేదు. అట్టి సూత్రము స్థూలమైనది. ఒకే అవ్వ ఒక ఘట్టమున దుర్బల, వేరొక ఘట్టమున ఇంటికి యజమానురాలు. నేననునది రూపకమునకు సంబంధించిన మాట. ఒక్కనటుడు పలువురను పలికించు కళలో, పలికింపబడినవారు మనుష్యులుగా నిలిచిన యెడల రూపకము నిండును. బొమ్మలుగా కూలిన యెడల ఒక్కనటుడే మిగులును. అపుడు ఏకహార్యము ఏకాంతమగును. సభ నవ్వుచున్నను రంగము బోసిపోవును.

మరియొక ఆక్షేపము నిజానిజములను గూర్చినది. ఆ అవ్వ నిజముగా కుర్చీ వేయుమనినదా అని అడుగువారుందురు. నేనా విద్యార్థిని అడుగలేదు. పిట్టలదొర మాటలన్నియు అబద్ధములైనను అతని స్థితి నిజమైనట్లు, స్వచరిత్ర హాస్యమున సంఘటన కొంత కల్పితమైనను సంబంధము నిజము కావలెను. మనుమనికిని అవ్వకును నడుమ చదువు తెచ్చిన దూరము నిజము, అది చాలును.

ఈ రూపకమును పరిశోధనకు గైకొనదలచిన విద్యార్థులకు రెండు సూచనలు. మొదటిది పాఠమును గూర్చినది. ఈ ప్రదర్శనములకు స్థిరమైన వ్రాతప్రతి లేదు. రాత్రికొక పాఠాంతరము పుట్టుచుండును. తాళపత్రముల పాఠభేదములను గుర్తించిన శ్రద్ధతోనే, ఒకే వక్త వేర్వేరు ఊళ్ళలో ఒకే ఉదంతమును ఎట్లు మార్చి చెప్పుచున్నాడో ధ్వనిముద్రణములను సరిపోల్చి గుర్తింపవలెను. రెండవది, భారతము మిట్టపై హరికథకుల పిట్టకథలను, వీథినాటక హాస్యగాని మాటలను సేకరించి ఈ నూతన ప్రదర్శనములతో పోల్చవలెను. పురాణకథను భద్రపరచితిమి కాని నడుమ చెప్పిన ఇంటి ముచ్చటను ఎవరును వ్రాసికొనలేదు. స్వచరిత్ర హాస్యమునకు మన దేశపు మూలపాఠములు ఆ వ్రాసికొనని మాటలలోనే ఉన్నవని నా నమ్మకము.

నాట్యశాస్త్రము ఆత్మానుభూతశంసి అను పేరునిచ్చినది. ఆ పేరునకు తగిన తెలుగు లక్ష్యములు ఇపుడిపుడే మన కన్నుల ఎదుట పుట్టుచున్నవి. వీనిని చూచి నవ్వుటతో పాటు, వీనిలో ఎవరు పలుకుచున్నారు, ఎవరు పలికింపబడుచున్నారు అను విచారణ చేయుట మన శాఖలవారి కర్తవ్యము. విజ్ఞులు ఈ ప్రతిపాదనమును పరిశీలింతురు గాక.